కాంకర్లు, కప్పగుడ్లు, మేపోలు: ఇంగ్లండ్ పల్లెలో పిల్లల ఏడాది

ఇంగ్లండ్‌లో బడి ఏడాది సెప్టెంబరులో మొదలవుతుంది. పల్లె పిల్లల ఆటల ఏడాది కూడా ఆ నెలలోనే, చర్చి పక్కనో ఊరి పచ్చిక మైదానం అంచునో ఉండే హార్స్ చెస్ట్‌నట్ చెట్టు కింద మొదలయ్యేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పల్లెబడికి వెళ్ళిన తరాన్ని చిన్నతనం గురించి కదిపితే పదే పదే వచ్చేవి ఇవే: తాడుకు కట్టిన కాంకరు అనే హార్స్ చెస్ట్‌నట్ గింజ, ముళ్ళకంచెలో బ్లాక్‌బెర్రీలు, జామ్ సీసాలో కప్పగుడ్లు, మే నెలలో మేపోలు అనే రిబ్బన్ల స్తంభం. వీటన్నిటినీ ‘అమాయకపు ఆటలు’ అని ఒక్క మాటలో తేల్చేస్తే అసలు సంగతి చేజారిపోతుంది. ప్రతిదానికీ ఓ అదను ఉంది, ఓ పద్ధతి ఉంది, పద్ధతి తప్పితే జరిగే చెరుపు ఉంది. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చేతిలో చెయ్యి వేసి నేర్పిన విద్యలివి. ఇప్పుడు బ్రిటన్‌లో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. అదే చెట్టు, అదే కంచె వాళ్ళ ఇంటి దగ్గర కూడా ఉంటాయి కాబట్టి కాస్త వివరంగానే చెప్పుకుందాం.

హార్స్ చెస్ట్‌నట్ నిజానికి ఇంగ్లండ్ సొంత చెట్టు కాదు. బాల్కన్ కొండల ప్రాంతం నుంచి వచ్చి, సుమారు 400 ఏళ్ళుగా ఇక్కడ వేళ్ళూనుకుంది. మనకు మరీ దగ్గరి ముచ్చట ఒకటుంది: వృక్షశాస్త్రం ప్రకారం ఇది కుంకుడు చెట్టు కుటుంబానిదే. గింజను చితక్కొట్టి నీళ్ళలో వేసి కలిపితే కుంకుడు రసంలాగే నురగ కడుతుంది. నురగనిచ్చే ఆ సాపోనిన్లూ, ఎస్కులిన్ అనే మరో పదార్థమూ ఉండటం వల్లే ఈ గింజ తినడానికి పనికిరాదు. తింటే వాంతులు, కడుపునొప్పి. కాల్చుకు తినే స్వీట్ చెస్ట్‌నట్ వేరే చెట్టు. తేడా కాయ మీదే కనిపిస్తుంది: తినే కాయ తొక్క నిండా సూదుల్లాంటి సన్నటి ముళ్ళు ఒత్తుగా ఉంటాయి, గింజ కొసన చిన్న కుచ్చు ఉంటుంది. కాంకరు తొక్క మీద ముళ్ళు పొట్టిగా, దూరదూరంగా ఉంటాయి. గింజ గుండ్రంగా, కొస లేకుండా, ఒక పక్క తెల్లటి మచ్చతో ఉంటుంది. ఆకు కూడా అయిదారు వేళ్ళు చాచిన అరచెయ్యిలా ఉంటుంది. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు ముందు ఈ తేడా నేర్పాలి, ఆట తర్వాత.

సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు దాకా కాయలు రాలతాయి. చెట్టు మీదికి కర్రలు విసిరి రాలగొట్టడం పాత అలవాటే గానీ మంచిది కాదు. కొమ్మ విరుగుతుంది, విసిరిన కర్ర తిరిగి నెత్తిన పడుతుంది. పైగా అలా రాలేది పూర్తిగా పండని, మెత్తటి గింజ. రాత్రి ఈదురుగాలి వీచిందంటే పొద్దున్నే వెళ్ళి ఏరుకోవాలి. తొక్క సగం పగిలి లోపల గోధుమరంగు మెరుస్తున్న కాయ అన్నిటికన్నా మేలు.

ఎంపికలోనే సగం గెలుపు ఉంది. ఏరిన గింజల్ని బకెట్టు నీళ్ళలో వెయ్యండి. తేలినవాటిని పక్కన పెట్టండి, వాటిలో గాలి చేరిందనో పురుగు తొలిచిందనో అర్థం. మునిగినవి లోపల గట్టిగా నిండి ఉంటాయి. వాటిలోనూ చిన్న గీటు గానీ పగులు గానీ లేనివాటినే తీసుకోవాలి. పెద్ద గింజే గెలుస్తుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. అది పొరపాటు. మధ్యరకం సైజులో, అన్ని వైపులా సమంగా ఉన్న గింజ ఎక్కువ దెబ్బలు ఓర్చుకుంటుంది. రెండు గింజలు ఒకే తొక్కలో పెరిగితే ఒక పక్క చదునుగా, అంచు పదునుగా తయారవుతుంది. దాన్ని ‘చీజ్‌కట్టర్’ అంటారు. అది బాగా నరుకుతుంది గానీ తాను కూడా తొందరగా చీలుతుంది.

ఇక బెజ్జం. చాలా కాంకర్లు ఆటలో కాదు, ఇక్కడే చచ్చిపోతాయి. చెట్టు నుంచి పడ్డ రోజే పొడిస్తే లోపలి గుజ్జు పచ్చిగా ఉండి బెజ్జం అంచు చిరుగుతుంది. మరీ ఎండిపోయాక పొడిస్తే నిట్టనిలువునా చీలుతుంది. రెండు మూడు రోజులు ఆగి చెయ్యడం మేలు. తెల్ల మచ్చ నడిమధ్య నుంచి మొదలుపెట్టి, సరిగ్గా దానికి ఎదురుగా బయటికి రావాలి. దబ్బనంతో గానీ సన్నటి ఇనుప పుల్లతో గానీ మెల్లగా తిప్పుతూ పోవాలి, బలంగా నెట్టకూడదు. నెడితే అవతలి వైపు తొక్క పెచ్చులా ఊడుతుంది, ఆ పెచ్చు దగ్గరే మొదటి దెబ్బకు గింజ విరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, గింజను అరచేతిలో పెట్టుకుని పొడవకూడదు. జారిందంటే దబ్బనం చేతిలోనే దిగుతుంది. బంకమన్ను ముద్దలో గింజను కూర్చి, చెక్కబల్ల మీద పెట్టి పొడవాలి, అదీ పెద్దవాళ్ళ చేత. బెజ్జం తాడు పట్టేంత ఉంటే చాలు. బూట్ల లేసు అన్నిటికన్నా నప్పుతుంది. కింద రెండు మూడు ముళ్ళు ఒకదాని మీద ఒకటి వేసి ముడిని లావు చెయ్యాలి, లేకపోతే దెబ్బకు తాడు బెజ్జంలోంచి జారిపోతుంది.

ఆటకు ఇద్దరు కావాలి, ఎవరి గింజ పగిలితే వాళ్ళు ఓడినట్టు. ఒకరు లేసును చేతికి చుట్టుకుని, గింజను దాదాపు 20 సెంటీమీటర్ల కింద వేలాడదీసి కదలకుండా పట్టుకుంటారు. రెండోవాళ్ళు తమ గింజను ఒక చేత్తో వెనక్కి లాగి, పై నుంచి కిందికి కొడతారు. వరసకు మూడు దెబ్బలు, తర్వాత వంతు మారుతుంది. పక్క నుంచి ఊపి కొడితే లేసులు మెలిపడతాయి. మెలిపడగానే ముందుగా ‘స్ట్రింగ్స్’ అని అరిచినవాళ్ళకు ఒక దెబ్బ అదనం. గింజ నేలమీద పడితే, దాని సొంతదారు ‘నో స్టాంప్స్’ అనేలోపు అవతలివాళ్ళు ‘స్టాంప్స్’ అని కాలితో తొక్కేయవచ్చు. ఈ మాటలూ, నియమాలూ ఊరూరికీ మారతాయి. మన గోళీలాటకు ఊరికో మాట ఉన్నట్టే.

లెక్క మాత్రం అంతటా దాదాపు ఒకటే. ఒక్క గెలుపూ లేని గింజ ‘నన్నర్’, ఒకటి గెలిస్తే ‘వన్నర్’. ఓడిన గింజ ఖాతాలోని గెలుపులన్నీ గెలిచిన గింజకు చేరతాయి, ఈ గెలుపు ఒకటి అదనం. 12 గెలుపులున్న గింజ 5 గెలుపులున్న గింజను పగలగొడితే 12, 5, 1 కలిపి 18 అవుతుంది. అందుకే చాంపియన్ గింజతో తలపడటానికి పిల్లలు ఎగబడేవాళ్ళు. ఒక్క అదృష్టపు దెబ్బతో మొత్తం ఖాతా చేతికొస్తుంది.

గట్టిపరిచే చిట్కాల గురించి చెప్పకపోతే ఈ ముచ్చట పూర్తికాదు. వెనిగర్‌లో నానబెట్టడం, పొయ్యిలో కాల్చడం, గోళ్ళరంగు పూయడం, అన్నీ చేసేవాళ్ళు. ఓవెన్‌లో ఎక్కువసేపు పెట్టిన గింజ గట్టిపడుతుంది గానీ పెళుసెక్కి గాజులా పగులుతుంది. నిజంగా పనిచేసేది ఓపిక ఒక్కటే: ఈ ఏటి గింజను పొడి చోట డ్రాయరులో దాచి వచ్చే ఏడు తీయడం. అది ముడుచుకుపోయి, మెరుపు పోయి, రాయిలా తయారవుతుంది. అది పాత గింజ అని చూడగానే తెలిసిపోతుంది, కాబట్టి ఒప్పందం ముందే చేసుకోవాలి. పోటీల్లో ఈ తగాదా లేకుండా గింజల్ని నిర్వాహకులే ఇస్తారు. నార్తాంప్టన్‌షైర్‌లోని ఆష్టన్ ఊళ్ళో 1965లో మొదలైన ప్రపంచ కాంకర్ పోటీలు ఈ పద్ధతిలోనే, ఇప్పుడు దగ్గరలోని సౌత్‌విక్‌లో, అక్టోబరులో జరుగుతాయి.

ఈ గింజతో ఆడినట్టు రాతలో దొరికే తొలి ప్రస్తావన 1848లో, వైట్ దీవి నుంచి. అంతకుముందు పిల్లలు నత్తగుల్లలతోనూ హేజెల్ కాయలతోనూ ఇలాంటి ఆటే ఆడేవాళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధం నడుమ, 1917లో ఈ గింజలకు ఎవరూ ఊహించని గిరాకీ వచ్చింది. ఫిరంగి గుళ్ళకు వాడే కార్డైట్ అనే మందుగుండు తయారీకి ఎసిటోన్ అనే ద్రావకం కావాలి. పిండిపదార్థాన్ని పులియబెట్టి ఎసిటోన్ తీసే పద్ధతిని రసాయన శాస్త్రవేత్త హైమ్ వైజ్‌మన్ కనిపెట్టాడు. కానీ అందుకు వాడే మొక్కజొన్నలు యుద్ధకాలంలో తిండికే చాలవు. అందుకని బడిపిల్లల చేత కాంకర్లు ఏరించారు, హండ్రెడ్‌వెయిట్‌కు, అంటే దాదాపు 51 కిలోలకు, 7 షిల్లింగుల 6 పెన్నీలు ఇచ్చారు. ఎందుకో మాత్రం చెప్పలేదు. రవాణా చాలక ఎన్నో గుట్టలు రైల్వే స్టేషన్లలోనే కుళ్ళాయి. కింగ్స్ లిన్‌లోని కర్మాగారంలో కాంకర్ల నుంచి ఎసిటోన్ తీయడం అనుకున్నంతగా సాగక 1918లోనే ఆగిపోయింది.

ఈ రోజుల్లో ఆగస్టుకే చెట్టు ఆకులు తుప్పుపట్టినట్టు కనిపిస్తే కంగారుపడకండి. ఆకు పొరల మధ్య తొలిచే ఒక చిన్న చిమ్మట పురుగు 2002లో లండన్ చేరి ఇంగ్లండ్ అంతా పాకింది. చెట్టు చావదు గానీ గింజలు చిన్నవవుతాయి. రాలిన ఆకుల్ని ఊడ్చి తీసేస్తే మరుసటి ఏడు పురుగు ఉద్ధృతి కొంత తగ్గుతుంది, ఎందుకంటే చలికాలం అది గడిపేది ఆ ఆకుల్లోనే.

కాంకర్లు రాలేనాటికి కంచెల్లో బ్లాక్‌బెర్రీలు చివరికొస్తాయి. ఇంగ్లండ్ పొలాల మధ్య కంచె అంటే మనం వేసే తుమ్మకంప కాదు, వేళ్ళతో బతికున్న పొదల వరస. హాథార్న్, అడవి గులాబీ, బ్లాక్‌బెర్రీ తీగ, ఎల్డర్ అన్నీ అందులోనే. సెప్టెంబరు 29న మైకేల్‌మస్ పండుగ దాటాక బ్లాక్‌బెర్రీ కొయ్యకూడదని పెద్దల మాట. స్వర్గం నుంచి తోసేసిన సైతాను ఆ ముళ్ళపొదలో పడి, కోపంతో పళ్ళ మీద ఉమ్మాడని కథ. కథ పక్కన పెట్టినా మాట నిజమే: అక్టోబరు తేమకు పళ్ళు బూజుపట్టి, నీళ్ళోడి, రుచి పోతాయి. కుక్కలు కాలెత్తే ఎత్తు కంటే పైన, వాహనాల రోడ్డుకు దూరంగా కొయ్యాలి. మెల్లగా తాకగానే ఊడి వచ్చేదే పండింది. ఇంటికి తెచ్చాక ఉప్పునీళ్ళలో కాసేపు ఉంచితే లోపలి సన్నపురుగులు బయటికొస్తాయి. తర్వాత మంచినీళ్ళతో కడిగి వెంటనే వాడెయ్యాలి.

జామ్‌కు కిలో పళ్ళకు కిలో పంచదార, రెండు నిమ్మకాయల రసం. ఇక్కడ నిమ్మ రుచి కోసం మాత్రమే కాదు. జామ్‌ను గడ్డకట్టించే పెక్టిన్ బ్లాక్‌బెర్రీలో తక్కువ, పులుపు తోడైతేనే అది పట్టుకుంటుంది. పాతకాలం ఇళ్ళలో పావుకిలో పుల్లటి వంట యాపిల్స్ కలిపేవాళ్ళు, దాంతో పెక్టినూ వస్తుంది. కొద్దిగా ఎర్రగా ఉన్న దోరపళ్ళు గుప్పెడు వేసినా అదే మేలు. పళ్ళు మెత్తబడేదాకా సన్నమంట మీద ఉడికించి, పంచదార వేసి, అది పూర్తిగా కరిగాకే మంట పెంచాలి. కరగకముందే మరిగిస్తే సీసాలో పలుకులు కడుతుంది. 105 డిగ్రీల దగ్గర, లేదా చల్లటి పళ్ళెంలో చుక్క వేసి వేలితో నెడితే ముడతపడినప్పుడు దించెయ్యాలి.

అదే కంచెలో ఎర్రటి అడవి గులాబీ కాయలు. రెండో ప్రపంచ యుద్ధంలో నారింజల దిగుమతి దెబ్బతిన్నప్పుడు, 1941 నుంచి పిల్లల చేత వీటిని ఏరించి విటమిన్ సి సిరప్ చేయించారు. యుద్ధం తర్వాత కూడా పిల్లలు వీటిని ఏరి పౌండు బరువు లెక్కన అమ్మి పైసలు సంపాదించుకునేవాళ్ళు. ఇంట్లో చేసేవాళ్ళకు ఒకటే హెచ్చరిక: గింజల చుట్టూ ఉండే సన్నటి నూగు గొంతులో గుచ్చుకుంటుంది. రసాన్ని గుడ్డలో ఒకసారి కాదు, రెండుసార్లు వడకట్టాలి. ఆ నూగునే చొక్కా వెనక వేసి తోటివాళ్ళను దురదతో గెంతించడం కూడా అప్పటి విద్యల్లో ఒకటి. దాన్ని నేర్పనక్కర్లేదు.

నవంబరు 5 గై ఫాక్స్ రాత్రి. 1605లో పార్లమెంటును పేల్చబోయి దొరికిపోయిన గై ఫాక్స్ కుట్ర గుర్తుగా మంట వేసి, ‘గై’ అని పిలిచే అతని బొమ్మను కాలుస్తారు. దీపావళికి నరకాసురుడి బొమ్మ కాల్చే ఊళ్ళు మనకీ ఉన్నాయి కాబట్టి వేరే చెప్పక్కర్లేదు. పాత ప్యాంటు కాళ్ళూ చొక్కా చేతులూ కొసల్లో తాడుతో బిగించి, ఎండుగడ్డి, నలిపిన వార్తాపత్రికలు కూరి, గోతంతో తల చేస్తారు. వారం ముందు నుంచే దాన్ని తోపుడుబండిలో తిప్పుతూ ‘గైకి ఒక్క పెన్నీ’ అని అడిగి టపాకాయలకు పోగేసేవాళ్ళు. ముందే పేర్చిన కట్టెల్లోకి హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ళ జంతువులు చలికాలపు నిద్రకు దూరతాయి. అందుకే పేర్చిన గుట్టను మంట పెట్టే రోజు మొత్తం పక్కకు మార్చి మళ్ళీ పేర్చడమే సరైన పద్ధతి.

చలికాలంలో పల్లె పిల్లలకు గుర్తుండిపోయేది బడి పాలు. 1946 చట్టంతో ప్రతి పిల్లకూ రోజూ మూడోవంతు పైంటు, అంటే సుమారు 190 మిల్లీలీటర్లు ఉచితం. గుమ్మం బయట గడ్డకట్టిన పాలు ఉబ్బి రేకుమూతను పైకి లేపేవి, ఆ మీగడను బ్లూ టిట్ పిట్టలు పొడుచుకు తినేవి. పొయ్యి పక్కన పెట్టి కరిగిస్తే నులివెచ్చని పాలు. ఆ వాసన పడక పాలంటేనే విరక్తి పుట్టినవాళ్ళున్నారు. 1971లో ఏడేళ్ళు దాటినవాళ్ళకు ఆ పాలు ఆపేశారు.

ఫిబ్రవరి చివర, మార్చిలో కుంటల్లో కప్పగుడ్లు. జిగురుముద్దలా ఉంటే కప్పవి, పూసలదండలా వరసగా ఉంటే గోదురుకప్పవి. జామ్ సీసా మెడకు పురికొస కట్టి ముంచి తెచ్చి, తరగతిలో ప్రకృతి బల్ల మీద పెట్టేవాళ్ళు. అక్కడే చాలా తోకకప్పలు చచ్చేవి, కారణాలు మూడు. గుడ్లు మరీ ఎక్కువ తేవడం ఒకటి: ఒక ముద్దలో వెయ్యికి పైగా ఉండొచ్చు, ఒక తొట్టెకు చెంచాడు చాలు. కుళాయి నీళ్ళు రెండోది: క్లోరిన్ చంపుతుంది, వాననీళ్ళు గానీ ఆ కుంట నీళ్ళే గానీ వాడాలి. కిటికీ ఎండ మూడోది: నీళ్ళు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గుతుంది. మొదట్లో అవి నాచు తింటాయి. వెనక కాళ్ళు వచ్చేసరికి మాంసాహారం కోరతాయి, చేపల మేత చిటికెడు వెయ్యకపోతే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. ముందు కాళ్ళు వచ్చాక గాలి పీల్చడానికి నీళ్ళలోంచి పైకి తేలిన రాయి తప్పనిసరి, లేకపోతే పిల్లకప్ప నీళ్ళలోనే మునిగి చస్తుంది. చివరికి ఏ కుంట నుంచి తెచ్చారో అదే కుంటలో వదలాలి. వేరే కుంటలో వదిలితే కప్పల జబ్బులు వ్యాపిస్తాయి. పక్షి గుడ్లు పోగేసే పాత అలవాటు మాత్రం పూర్తిగా పోవలసిందే. 1954 చట్టం చాలా అడవి పక్షుల గుడ్లు తీయడాన్ని నేరం చేసింది, ఆ చట్టం చేసిన మేలు చిన్నది కాదు.

ఏప్రిల్‌లో హాథార్న్ చిగుళ్ళను పిల్లలు తుంచుకు తినేవాళ్ళు, దాన్ని ‘బ్రెడ్ అండ్ చీజ్’ అనేవాళ్ళు. రొట్టె రుచీ లేదు, చీజ్ రుచీ లేదు. లేత ఆకు రుచే, చింతచిగురు పులుపు కూడా ఉండదు.

ఇక మే నెల. మేపోలు చూసిన తెలుగువాళ్ళకు వెంటనే గుర్తొచ్చేది జడ కోలాటం. పై నుంచి వేలాడే తాళ్ళను ఆటగాళ్ళు అల్లుతూ తిరిగి, మళ్ళీ విప్పుతూ వెనక్కి వస్తారు కదా, ఇక్కడా సూత్రం అదే, తాళ్ళ బదులు రిబ్బన్లు. స్తంభం చుట్టూ ఆడటం చాలా పాతది. 1644లో ప్యూరిటన్లనే ఛాందస క్రైస్తవుల పార్లమెంటు మేపోళ్ళను కూల్చమంది, 1660లో రాజరికంతో పాటు అవీ తిరిగొచ్చాయి. రిబ్బన్ల అల్లిక మాత్రం 19వ శతాబ్దంలో బడుల ద్వారా ఊరూరా పాకిన పద్ధతి.

పిల్లల స్తంభం మూడు మీటర్ల లోపు. రిబ్బన్ అంతకంటే పొడవుండాలి. స్తంభం అడుగున ఉండే అడ్డచెక్కల మీద నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టాలి, ఆ బరువే స్తంభాన్ని ఒరిగిపోకుండా ఆపేది. ఆడేవాళ్ళు సరిసంఖ్యలోనే ఉండాలి: 8, 12, 16. ఒకటి, రెండు, ఒకటి, రెండు అని లెక్కపెట్టి ఒకట్లకు ఒక రంగు, రెళ్ళకు ఒక రంగు ఇవ్వాలి. ఒకట్లు గడియారం ముల్లు తిరిగే వైపుకు, రెళ్ళు ఎదురువైపుకు. ఒకట్లు మొదట ఎదురైనవాళ్ళను బయటి నుంచి, తర్వాతివాళ్ళను లోపలి నుంచి దాటాలి. రెళ్ళది దీనికి సరిగ్గా తిరగేసిన వరస. బయటి నుంచి వెళ్ళేవాళ్ళు రిబ్బన్ ఎత్తాలి, లోపలికి వెళ్ళేవాళ్ళు తల వంచాలి. బయట, లోపల, బయట, లోపల అని అందరూ గట్టిగా అంటూ నడిస్తే మొదటిరోజే పట్టుబడుతుంది. గెంతడం తర్వాత నేర్పవచ్చు. రిబ్బన్ ఎప్పుడూ బిగువుగా ఉండాలి. ఒక్కరు వదులుగా పట్టుకున్నా అల్లిక అక్కడ ఉబ్బి, మిగతావాళ్ళ వరస కిందికి జారుతుంది.

అల్లిక నడుము ఎత్తుకు వచ్చేలోపు ఆపాలి. తర్వాత ఎవరి చోట వాళ్ళు వెనక్కి తిరిగి, చివరగా దాటినవాళ్ళనే మొదట దాటాలి, వచ్చిన దారినే, అంటే లోపలి నుంచి వచ్చినవాళ్ళు లోపలి నుంచే. ఇక్కడే తప్పు బయటపడుతుంది. ఎవరో ఒకరు ముందు వరసగా ఇద్దరిని బయటి నుంచే దాటి ఉంటారు, విప్పేటప్పుడు ఆ రిబ్బన్ బిగుసుకుంటుంది. లాగకూడదు. లాగితే ముడి ఇంకా పైకి పోయి నిచ్చెన వెయ్యాల్సి వస్తుంది. అందర్నీ ఆపి, అల్లిక మీద వరసగా రెండు రిబ్బన్ల పైనుంచి పోతున్నది ఏదో చూడాలి. ఆ రిబ్బన్‌ను పిల్ల చేతిలోంచి తీసుకుని, పక్కదాని కిందుగా పెద్దవాళ్ళు ఒకసారి తిప్పి మళ్ళీ అదే చేతికి ఇస్తే, మిగతాదంతా దానంతటదే విడిపోతుంది.